పాప ఎటు తిరిగింది

ఎల్లారెడ్డి,
జూలై, సోమవారం

ప్రియమైన బాపుకు,

టిఫిన్ డబ్బా కింద ఈ కాగితం పెడుతున్నాను. నీ అల్లుడు సునీల్ బస్సు దిగి షోరూంకు పోయేముందు నీ దుకాణంలో ఇచ్చి పోతాడు. డబ్బాలో పుంటికూర పప్పు ఉంది. కుట్టుమిషను మీద కూర్చుంటే ఆకలి మరిచిపోతావు, అలా చేయకు, వేడిగా ఉన్నప్పుడే తిను.

ఫోన్‌లో మెసేజ్ పెట్టరాదా అని ఈయన నవ్వుతాడు. నీ చిన్న ఫోన్‌లో నాలుగు మాటలు చదవాలంటే నువ్వు ఎండలోకి పోయి కళ్లు చిట్లించాలని ఈయనకేం తెలుసు! నీకు చెవులు వినపడవు గనక అక్షరాలు వచ్చినప్పటి నుంచి ఏ ముచ్చటైనా నీకు రాసే చెప్పాను. ఇప్పుడు కొత్తగా మారమంటే మారతానా?

పాపకు నాలుగో నెల నడుస్తోంది. అంగన్‌వాడీ టీచర్ ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చుంది. పిల్లకు రంగులు చూపించాలట, రకరకాల బట్టలు తాకించాలట, చప్పుళ్లు వినిపించాలట. బోర్లా పడుకోబెట్టి కళ్ల ముందు ఏదైనా పెట్టాలట. కొనేదేమీ లేదు, ఇంట్లో ఉన్నవే చాలు అంది. ఆమె పోయిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. చల్లటి గ్లాసు అరికాలికి తాకిస్తున్నాను, కొత్తిమీర నలిపి ముక్కు దగ్గర పెడుతున్నాను, నల్లచీర మీద తెల్ల రుమాలు ఊపుతున్నాను. మా అత్తమ్మ బీడీలు చుట్టుకుంటూ చూసి ఒకటే నవ్వు. "గివన్ని మేం జేసినమా? మా పోరగాండ్లు పెరుగలేదా?" అంటుంది.

నాకో బొంత కుట్టి పంపు. ఒక్కో ముక్క ఒక్కో బట్ట ఉండాలి, నున్నగా ఒకటి, గరుకుగా ఒకటి. పాపను దాని మీద బోర్లా వేస్తే తాకుతుంది.

నిన్న పాప నా పక్కన నిద్రపోతుంటే కుక్కర్ మూడు కూతలు కూసింది. కదలలేదు. మంచి నిద్ర.

కందిపప్పు మళ్లీ పిరం అయింది. పెసరపప్పు తెమ్మన్నాను ఈయనను. మరిచిపోయి వచ్చాడు. మళ్లీ పంపాను, ఈసారి సంచి మరిచాడు. నీ అల్లుడి మతిమరుపు సంగతి రాస్తే ఈ కాగితం చాలదు.

వానలు పడుతున్నాయి, ఇప్పుడే రాకు బాపూ. ఎప్పుడు రావాలో నేనే రాస్తాను.

నీ బిడ్డ,
సుష్మిత

~

కామారెడ్డి,
జూలై

బిడ్డ సుష్మితకు, మనవరాలు సహస్రకు నా ముద్దులు.

పప్పు బాగుంది. ఉప్పు నీ చేయి కాదు, మీ అత్తమ్మ చేయి. ఆమెకు చెప్పకు.

బొంత పంపుతున్నాను. నల్లది, తెల్లది పక్కపక్కనే వేశాను. పెళ్లికొడుకు షేర్వాణీలో మిగిలిన మఖ్మల్ ముక్క నున్నగా ఉంటుంది. గోనెసంచి ముక్కను మూడుసార్లు ఉతికి అంచు మడిచి వేశాను, గుచ్చుకోదు. మీ అమ్మ పాత చీర కొంగు మధ్యలో ఉంది. అమ్మే ఉంటే నీ కాన్పు మన ఇంట్లోనే జరిగేది, ఈ బొంత నేనే నీ పక్కన పరిచేవాణ్ణి.

ఒక మూలన మందపు బట్టలో గజ్జెలు పెట్టి ఊడిరాకుండా నాలుగు వరసలు కుట్టాను. మోగుతున్నాయో లేదో నాకెట్ల తెలుస్తుంది? దవడకు ఆనించి ఊపి చూశాను, గలగల ఎముకకు తెలిసింది. అయినా నమ్మకం లేక పక్క చెప్పుల దుకాణం యాకూబును పిలిచాను. అతను విని బొటనవేలు పైకెత్తాడు. ఆ తర్వాత ఊపుతూనే కూర్చున్నాడు, గిరాకీ వచ్చినా లేవలేదు.

ఇక అసలు సంగతి. పప్పు గురించి అన్ని వాక్యాలు రాశావు. కుక్కర్ గురించి మూడు ముక్కలు రాశావు. నిన్ను పెంచింది నేను.

రావద్దన్నావు, రాను. తొట్టెల నాడు చూసిందే పాపను. ఆనాడు పేరు చెప్పమని అందరూ నన్ను లోపలికి పిలిచారు. నా గొంతు సంగతి నీకు తెలుసు. దుకాణంలో కూడా నోరు తెరవను, తెరిస్తే గిరాకీ ఉలిక్కిపడుతుంది. పసిపిల్ల జడుసుకుంటుందని బయట చెప్పుల దగ్గరే నిలబడ్డాను. మీ అత్తమ్మ వాళ్ల అన్న వంగి పాప కుడిచెవిలో మూడుసార్లు పేరు చెప్పడం కిటికీలోంచి చూశాను. అతని పెదవులు కదిలితే నా పెదవులూ కదిలాయి. అంతే నా వంతు.

నీ బాపు,
బాలమల్లు

~

ఎల్లారెడ్డి,
ఆగస్టు

ప్రియమైన బాపుకు,

బొంత పరిచిన పూటే పాప మఖ్మల్ ముక్కను నోట్లో పెట్టుకుంది. గోనె ముక్క మీద చేయి పడితే వేళ్లు ముడిచి, మళ్లీ చాపి, మళ్లీ ముడిచి, ఏదో పెద్ద ఆలోచనలో పడ్డట్టు ముఖం పెడుతుంది. నీ ముఖమే. కొలత తప్పినప్పుడు నువ్వట్లాగే చూస్తావు.

బాపూ, నాకు నిద్ర పట్టడం లేదు. రోజంతా పాపను పరీక్ష పెడుతూనే ఉన్నాను. గిన్నె కొడతాను, గంట ఊపుతాను, తలుపు గడియ లాగుతాను. ఒకసారి ఉలిక్కిపడుతుంది, ఒకసారి పట్టించుకోదు. కొన్నిసార్లు గంట వైపు కాకుండా నా ముఖం వైపు చూసి, ఇదేం మనిషి అన్నట్టు ఆవులిస్తుంది.

అత్తమ్మకు చెబితే చేటను నేలకేసి టపామని కొట్టింది. పాప తల తిప్పింది. "సూసినవా? ఇనవడ్తలేదంటవ్! నీకు బుగులెక్కువ" అని నా భయాన్ని కొట్టిపడేసింది. నేను బాలమల్లు బిడ్డను. నేలకు దెబ్బ తగిలితే వినపడని మనిషి కూడా తిరుగుతాడని నాకు తెలీదా? చిన్నప్పుడు నిన్ను పిలవాలంటే కాలు తాటించేదాన్ని. నువ్వు తిరిగేవాడివి. అది చూసి మన వాడకట్టోళ్లు నీకు కొంచెం వినిపిస్తుందనే అనుకునేవారు.

ఇంకో ముచ్చట, నవ్వకు. తొట్టె ముందు గదిలో ఉంది. పాపకు ఎడమ పక్క అత్తమ్మ చేట పెట్టుకుని కూర్చుంటుంది, కుడి పక్క నేనుంటాను. నేను "సహస్రా" అని పిలుస్తాను. పాప అత్తమ్మ వైపు తిరుగుతుంది! పిలిచేది నేను, నవ్వులు ఆమెకు. "నా మన్మరాలుకు నేనంటెనే పానం" అని ఆమె బీడీకి దారం చుడుతూ మురుస్తుంది. పాలిచ్చేది నేను, రాత్రంతా మేలుకునేది నేను. నాకు ఏడుపొచ్చింది, బయటికి పోయి బట్టలు ఆరేశాను. అవి ఇంకా ఉతకనే లేదు.

పైగా ఆ తంబాకు దుమ్ము. తొట్టెను లోపలి గదిలోకి మార్చాలని రోజూ మా ఇద్దరికీ గొడవ జరుగుతూనే ఉంది. పాప లేచింది, ఆపుతున్నాను.

నీ,
సుష్మిత

~

కామారెడ్డి,
ఆగస్టు

బిడ్డా,

ఉతకని బట్టలు ఆరేసేదాకా వచ్చిందంటే కొంచెం ఆగాలి.

గంట మోగినప్పుడల్లా తిరిగితే పాపకేం దొరుకుతోంది? గంటే. గంట వెనక నువ్వు నవ్వాలి, ఎత్తుకోవాలి, ముద్దు పెట్టాలి. ఏమీ దొరకని దుకాణానికి ఎవరైనా ఎన్నిసార్లు వస్తారు? పరీక్షలు ఆపి ఆడించు. పరీక్ష పెట్టే పని డాక్టరుది, ఆ పనికి డాక్టరు దగ్గరికే తీసుకుపో.

నువ్వు పసిదానిగా ఉన్నప్పుడు అమ్మ మార్కెట్‌కు పోతే నువ్వు ఏడ్చింది నాకెట్ల తెలిసేదో ఎప్పుడైనా అడిగావా? నీ తొట్టెకు దారం కట్టి రెండో కొస నా బొటనవేలికి కట్టుకునేవాణ్ణి. మిషను తొక్కుతుంటే దారం లాగేది, లేచి వచ్చేవాణ్ణి. నీ ఏడుపు నేను ఒక్కసారీ వినలేదు. నువ్వు ఏడుస్తూ ఉండిపోయిన రోజూ లేదు.

నువ్వు ఉత్తరాల్లో అన్నీ రాస్తున్నావు, ఒక్క మాట తప్ప. ఆ మాట నేను రాస్తాను. చెవుడు. పాపకు చెవుడేమో అని నీ భయం. తాత పోలిక వచ్చిందేమో అని నీ భయం. నన్ను రావద్దన్నది వానల వల్ల కాదు. నన్నూ పాపనూ పక్కపక్కన చూస్తే మీవాళ్లకు ఆ మాట గుర్తొస్తుందని.

నాకు కోపం లేదు. మాట కాగితం మీద పడితే గదిలో తిరగడం మానేస్తుందని రాశాను.

నీ బాపు

~

ఎల్లారెడ్డి

బాపూ,

అట్లా ఎందుకు రాశావు? ఆ కాగితం ఈయన చదివాడు. మడిచి మళ్లీ నా చేతిలో పెట్టాడు, అదే నాకు ఎక్కువైంది. ఇక కొన్ని రోజులు నాకు రాయకు. నేనూ రాయను.

సుష్మిత

~

కామారెడ్డి,
సెప్టెంబరు

బిడ్డా,

రాయకు అన్నావు గనక ఇది ఉత్తరం కాదు, బొమ్మలతో పాటు పంపే చీటీ. పత్తి కుక్కి ఒక కోడిపిల్లను, ఒక ఏనుగును కుట్టాను. ఏనుగు తొండం పొట్టిదైంది, బట్ట సరిపోలేదు.

నీ ఉత్తరం రావడం లేదు గానీ టిఫిన్ డబ్బా రోజూ వస్తోంది. నిన్నటి దాంట్లో నాకిష్టమని సర్వపిండి కూడా ఉంది. కాబట్టి కోపం ఎంత ఉందో నాకు అర్థమైంది.

బాపు

~

ఎల్లారెడ్డి,
అక్టోబరు

ప్రియమైన బాపుకు,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

అంగన్‌వాడీ టీచర్ మళ్లీ వచ్చి తంబాకు దగ్గర పసిపిల్లను ఉంచొద్దని గట్టిగా చెప్పింది. సునీల్ ఎవరినీ అడగకుండా తొట్టెను లోపలి గదిలోకి తెచ్చి కట్టాడు. ఇప్పుడు పాపకు ఎడమ పక్కన నా మంచం, కుడి పక్కన గుమ్మం. అత్తమ్మ ముందు గదిలోనే చుట్టుకుంటూ గుమ్మంలోంచి పిలుస్తుంది.

ఇప్పుడు పాప ఆమె వైపు తిరగడం లేదు. ఆమె పిలిస్తే నా వైపు తిరిగి నవ్వుతోంది. మొదటిరోజు నాకు సంతోషమైంది, అబద్ధమెందుకు. గెలిచినట్టే అనిపించింది. రెండోరోజు అత్తమ్మ చేట పక్కన పెట్టి గడపలో కూర్చుని ఏడ్చింది. "మొన్నటిదాంక పిలిస్తె సూసేది. నా బిడ్డకు ఏమో అయింది. నేను నీ మాట ఇనకపోతి" అంది. బీడీలు చుట్టే చేతులు కదా, ఊరికే ఉండలేవు, ఏడుస్తూనే కొంగు అంచును చుడుతూ కూర్చుంది. ఇన్నాళ్లూ నాకు బుగులెక్కువ అన్న మనిషి! ఆమె ధైర్యాన్ని తిడుతూనే నేను దాని మీదే ఆనుకుని నిలబడ్డానని అప్పుడు తెలిసింది. ఇప్పుడది కూడా లేదు. బీర్కూర్‌లో ఎవరో తాయెత్తు కడతారట, పోదాం అంటోంది.

బాపూ, నువ్వు రాసింది నిజం. తొట్టెల నాడు నువ్వు బయట నిలబడితే లోపల ఒకామె "ఆ తాతకు శెవుడట గద" అని ఇంకో ఆమెతో అంది. అది నా చెవిలో పడ్డప్పటి నుంచి పాపకు ఏం చేసినా ఆ మాటే. అందుకే రావద్దన్నాను. నిన్ను చూసి సిగ్గుపడలేదు. నిన్ను చూసి వాళ్లు పాపను చూస్తారని భయపడ్డాను. రెండూ ఒకటేనేమో, నాకు తెలియదు.

ఏం చేయాలో రాయి. ఇవ్వాళే రాయి. సాయంత్రం సునీల్ నీ దుకాణం దగ్గర ఆగుతాడు.

నీ సుష్మిత

~

కామారెడ్డి,
అదే రోజు

బిడ్డా,

కుదురుగా కూర్చుని చదువు. నీ ఆగస్టు ఉత్తరం, ఇవ్వాళ్టి ఉత్తరం పక్కపక్కన పెట్టుకున్నాను. కటింగ్ బల్ల మీద సుద్దతో మీ ముందు గది గీశాను, లోపలి గది గీశాను. మధ్యలో ఏనుగులో కుక్కగా మిగిలిన దూదిని పాపలాగా పడుకోబెట్టాను. యాకూబు వచ్చి నాకు మతి పోయిందనుకున్నాడు.

ముందు గదిలో కుడి పక్క నుంచి నువ్వు పిలిచావు. పాప ఎడమకు తిరిగింది, అటు మీ అత్తమ్మ ఉంది. లోపలి గదిలో కుడి పక్క నుంచి ఆమె పిలిచింది. పాప ఎడమకే తిరిగింది, అటు నువ్వున్నావు. పాప మారలేదు, తొట్టె మారింది. పాప మీ ఇద్దరిలో ఎవరి పక్కా లేదు, ఎడమ పక్క ఉంది.

కుక్కర్ కూసిన రోజు పాప ఎట్లా పడుకుందో గుర్తు చేసుకో. నీ వైపు ఒత్తిగిల్లి, ఎడమచెవి దిండులో ఉండాలి.

నాకు రెండూ పోయాయి, ఒక చెవి సంగతి నాకు తెలియదు. ఇది దర్జీ లెక్క, తప్పు కావచ్చు. కానీ తాయెత్తు దగ్గరికి వద్దు. రేపే నిజామాబాద్ తీసుకుపో, చెవి పరీక్ష చేయించు. మీ అత్తమ్మనూ వెంట తీసుకుపో, ఇంట్లో వదిలితే కొంగంతా చుట్టేస్తుంది.

నువ్వు రాసిన ఆ "రెండూ ఒకటేనేమో" అన్నది నాలుగుసార్లు చదివాను. ఒకటి కాదు బిడ్డా. నేనూ తొట్టెల నాడు అదే భయంతో బయట నిలబడ్డాను.

నీ బాపు

~

ఎల్లారెడ్డి,
నవంబరు

ప్రియమైన బాపుకు,

పరీక్ష పాప నిద్రలో ఉంటేనే చేస్తారట. మొదటిసారి పోతే కళ్లు మూయనే లేదు, గది అంతా చూస్తూ కూర్చుంది, వెనక్కి పంపారు. రెండోసారి అత్తమ్మ తన కాళ్ల మీద వేసుకుని ఊపింది, పడుకుంది. తలకు తీగలు పెట్టారు. నేను బయట నడుస్తూనే ఉన్నాను, అక్కడ ఊడ్చే ఆమె "కూసో బిడ్డా, నా పని కానియ్యి" అనేదాకా.

నీ లెక్క తప్పలేదు. కుడిచెవి వినిపించదు. ఎడమచెవి మంచిగుంది, పూర్తిగా మంచిగుంది. మాటలు వస్తాయన్నారు. ఎడమ పక్క నుంచి మాట్లాడండి, ముఖం కనిపించేలా మాట్లాడండి, జలుబు చేస్తే ఆ చెవి జాగ్రత్త, మళ్లీ చూపించండి అన్నారు. ఎందుకు ఇట్లా అయిందో అప్పుడే చెప్పలేమన్నారు. తాత వల్లనా అని అడిగాను బాపూ, అడగకుండా ఉండలేకపోయాను. అట్లా అనడానికి లేదన్నారు. నీకు పసితనంలో జ్వరం వచ్చి పోయిందని చెప్పాను. అయితే అసలే సంబంధం ఉండకపోవచ్చన్నారు.

ఏడ్చాను. ఒక చెవి పోయిందని ఏడ్చానా, ఒకటి ఉందని ఏడ్చానా అని సునీల్ అడిగితే పాపను ఆయన చేతుల్లో పెట్టాను.

తిరుగు బస్సులో అత్తమ్మ పాప చెవులను మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. లింగంపేట దాటినాక ఉన్నట్టుండి నా భుజం పట్టి ఊపింది. "ఏందే! మా అన్న పేరు కుడిశెవుల జెప్పిండు గద! గట్లయితె నా బిడ్డకు దాని పేరు ఇంకా అందనేలేదు!" అంది. బస్సంతా మా వైపు తిరిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మల్ల పెట్టాలె. ఆదివారం. ఈపారి ఎడమశెవుల. మా అన్న ఒద్దు, ఆళ్ల తాతను రమ్మను. ఆనాడు బయట నిలవడ్డడు, అందుకే గిట్లయింది" అంది. అందుకు కాదని నేను చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

రా బాపూ. నీ గొంతు తీసుకుని రా. నన్ను "మిమ్మా" అని పిలిచేవాడివి గుర్తుందా? బళ్లో పిల్లలు నవ్వినప్పటి నుంచి గట్టిగా పిలవడం మానేశావు. అందరికీ ఉలికిపాటు కలిగించే ఆ పిలుపు నాకు ఇల్లు. నా బిడ్డకు అది కావాలి.

పొద్దున బస్సుకే రా.

నీ మిమ్మ

~

కామారెడ్డి,
ఆదివారం సాయంత్రం

బిడ్డ మిమ్మకు,

ఇప్పుడే ఇల్లు చేరాను. మీ అత్తమ్మ కట్టిచ్చిన అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. అది తినకముందే ఇది రాస్తున్నాను.

అక్కడ మీరందరూ ఉన్నారు, ఏం జరిగిందో మీకు తెలుసు. నాకు ఎట్లా కనిపించిందో నీకు తెలియదు గనక రాస్తున్నాను. పాప బొంత మీద బోర్లా పడుకుని గోనె ముక్కను గీరుతోంది. ఎడమ పక్కకు పోయి వంగాను. "స" నాకు పలకదు, నాలుక ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ తెలియలేదు. వారం రోజులు అద్దం ముందు చూసుకున్నా రాలేదు. మీ అత్తమ్మ ఎదురుగా కూర్చుని నోరు పెద్దగా తెరిచి మూసి చూపించింది. పిలిచాను. నా గొంతులోంచి ఏం బయటికి వచ్చిందో దేవుడికి తెలియాలి. మీ వాకిట్లో కోడి ఎగిరింది, అది మాత్రం చూశాను.

పాప గీరడం ఆపింది. తల తిప్పింది. నా వైపు. నేను నేలకు కాలు తాకించలేదు, చేయి ఊపలేదు, నా నీడ కూడా గోడ మీదే ఉంది. గొంతుకే తిరిగింది. యాభై ఏళ్లలో నా గొంతుకు ఉలిక్కిపడి తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. విని, నన్ను చూసి సంతోషంగా నవ్వుతూ తిరిగినది ఇదొక్కతే.

తర్వాత నా గొంతు మీద చేయి పెట్టింది. ఇంకోసారి పిలిచాను. దానికి రెండు విధాలా అందింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ అంటూ వచ్చాను, మరిచిపోకూడదని. మెల్లగా అంటున్నానని అనుకున్నాను. పక్క సీటాయన నా వైపు తిరిగాడు, ముందు సీటు ఆమె తిరిగింది, కండక్టరు కూడా తిరిగాడు. అంటే గట్టిగానే వస్తోందన్నమాట.

ఆపలేదు.

నీ బాపు,
సహస్ర తాత,
బాలమల్లు